తైఖానాలో సుద్దగీతల రైలు

దబీర్‌పురా, హైదరాబాద్
ఆదివారం పొద్దున

మానుకోటలో ఉన్న శకుంతలక్కకు తమ్ముడు సుధాకర్ దండం పెట్టి రాస్తున్నది. నువ్వూ బావా ఆరోగ్యంగా ఉన్నారని తలుస్తున్నాను. బావ మోకాలు ఎట్లా ఉంది? మెట్లు దిగేటప్పుడు గోడ పట్టుకోమని చెప్పు. వినడని తెలుసు, అయినా చెప్పు. కాన్పుకు వచ్చిన స్వప్నకు నెలలు నిండుతున్నాయి కాబట్టి ఎండలో బజారుకు పంపకు. నేను బాగానే ఉన్నాను. వేళకు తింటున్నాను, నిద్ర పడుతున్నది. నా గురించి ఫికర్ పెట్టుకోకు.

ఈ రోజుల్లో ఉత్తరమేమిటని బావ నవ్వుతాడు. ఫోనులో నేను రెండు మాటలు అనేలోపే నువ్వు ఏడుస్తావు. నీ ఏడుపు వినగానే బావ ఫోను అందుకొని, "పోనియ్యి సుధాకర్, అన్ననే గద" అంటాడు. అక్కడ నా నోరు మూతపడుతుంది. పెద్దన్న నీకు తన వైపు సంగతి ఎప్పుడో చెప్పుకున్నాడు. నా వైపు సంగతి ఎవరూ పూర్తిగా వినలేదు. కాగితం మీద అయితే మధ్యలో ఎవరూ అందుకోరు కదా అని రాస్తున్నాను.

బాపు సంవత్సరీకానికి పెద్దన్న మానుకోట వచ్చినప్పుడు నా రేడియో దుకాణం ఎట్లా ఉండేదో నీకు తెలుసు. బాగు చేయించుకునేవాళ్లు లేరు. చెడితే పారేస్తున్నారు, కొత్తది కొంటున్నారు. అయినా నేను ఊరు విడిచే మాట ఎత్తలేదు. పెద్దన్నే దుకాణంలోకి వచ్చి స్టూలు లాక్కొని కూర్చున్నాడు. బల్ల మీద నేను అట్టతో చేసిన గూడ్స్ షెడ్డును చేతిలోకి తీసుకొని అటూ ఇటూ తిప్పి చూశాడు. బాపు కాంటా వేసిన షెడ్డు అది. కాంటా పక్కన బస్తాల మీద కూర్చొని మనం ముగ్గురం అన్నం తిన్న చోటు కూడా అందులో చేశాను. పెద్దన్న దాన్ని గుర్తుపట్టాడు. గుర్తుపట్టి, "అరే సుధా, గీ అట్టముక్కలతోని ఈడ ఏం జేస్తవ్‌రా? గౌలిపురాల మా ఇంటి కింద తైఖానా ఖాలీగ పడున్నది. గాడ మన స్టేషన్ మొత్తం కట్టుకో. పొద్దంత దుకాణంల ఉండు, పొద్దూకినంక నీ రైలు నువ్వు నడుపుకో" అన్నాడు.

నలభై ఆరేళ్లు వచ్చినా పెళ్లి లేదు, పిల్లలు లేరు. నాకున్న ఒక్క పిచ్చి అదే. దాని గురించి నవ్వకుండా మాట్లాడిన మొదటి మనిషి పెద్దన్న. నేను పనిముట్లు అమ్ముకొని వచ్చేశాను.

మొదట్లో బాగానే ఉంది. పత్తర్‌గట్టి వెనక సందులో దుకాణం. స్టీలు, ఇత్తడి సామాన్లు. పెళ్లిళ్ల కాలంలో ఊపిరాడదు. కొనడానికి వచ్చిన ఆడవాళ్లు ఉర్దూలో అడుగుతారు, తెలుగులో బేరం చేస్తారు, మళ్లీ ఉర్దూలోనే కోపగించుకొని వెళ్లి తిరిగొస్తారు. నా చెయ్యి నిలకడగా ఉంటుందని బిందెల మీద పేర్లు చెక్కే మిషను నాకిచ్చారు. తెలుగులో చెక్కాను, ఉర్దూ అక్షరాలు కూడా చూసి చెక్కడం నేర్చుకున్నాను. సాయంత్రానికి చెవుల్లో ఆ గీపెట్టే చప్పుడే మిగిలేది. ఇంటికెళ్తే విమల వదిన జొన్నరొట్టె, పచ్చిపులుసు పెట్టేది. వదిన ఎక్కువ మాట్లాడదు, కానీ నాకు కారం తక్కువ వేయడం మరిచిపోలేదు. మాట్లాడుకోవడానికి స్నేహితులు లేరు. అంత మంది జనంలో నన్ను పేరుతో పిలిచేవాళ్లు నలుగురే. అయినా తైఖానా ఉందిలే అనుకునేవాణ్ణి.

తైఖానా అంటే ఇంటి కింద నేలలోకి దిగిన గది. ఇక్కడి పాత ఇళ్లకు ఉంటుంది. పెద్దన్న ఇంటిది మన వంటిల్లంతే ఉంటుంది. మధ్యలో స్తంభం, ఒక మూల నీళ్ల మోటారు, వీధి వైపు పైన చిన్న కిటికీ. ఆ కిటికీలోంచి పోయేవాళ్ల చెప్పులే కనిపిస్తాయి. నేను బూజు దులిపి, చెమ్మ దిగే గోడకు మందు పూసి, సున్నం వేశాను. తర్వాత సుద్దముక్కతో నేల మీద మన స్టేషన్ గీయడం మొదలుపెట్టాను.

నీకిది పిల్లల ఆటలాగా ఉండవచ్చు. కానీ చిన్న చోటులో రైలు పట్టించడం చాలా తలనొప్పి పని అక్కా. మలుపు మరీ చిన్నదైతే బోగీలు పట్టాలు తప్పుతాయి. పెద్దదైతే గోడ తగులుతుంది. బల్ల వెడల్పు చెయ్యి అందేంతే ఉండాలి, లేకపోతే అవతల పడ్డ బోగీని లేపలేవు. అందుకే గోడల వెంబడి బల్ల, మధ్యలో నేను నిలబడడానికి ఖాళీ, తలుపు దగ్గర ఎత్తి దించే పలక అనుకున్నాను. స్తంభాన్ని ఏం చేయాలో చాలా రోజులు తోచలేదు. చివరికి దాన్ని గుట్ట కింద దాచి, గుట్టలోంచి సొరంగం తీద్దామనుకున్నాను. మానుకోటలో సొరంగం ఎక్కడిదని నువ్వు అడుగుతావు. స్తంభం మాత్రం మానుకోటలో ఉందా?

పెద్దన్న చాయ్ గ్లాసులు పట్టుకొని కిందికి దిగేవాడు. టేపు ఒక కొస నేను పట్టుకుంటే రెండో కొస తను పట్టుకునేవాడు. "గేటు ఏడికి వస్తది? కాంటా ఏడ?" అని అడిగేవాడు. నేను చెప్తుంటే తలాడించేవాడు. ఊరు విడిచి వచ్చాక నేను మనసారా నవ్వింది ఆ గదిలోనే.

పని మొదలుపెడదామంటే మాత్రం ఏదో ఒకటి అడ్డమొచ్చేది. ముందు, "పెండ్లిల సీజన్ ఒడవనియ్యి" అన్నాడు. తర్వాత, "వానకాలం పోనియ్యి, చెక్క ఉబ్బుతది" అన్నాడు. అది న్యాయమే అనిపించింది. వానలు తగ్గాక నేను రెండో మాట ఎత్తకముందే, "ఒక్క లైను ఏందిరా, రెండు లైన్లు వెట్టు. పోయే రైలు, వచ్చే రైలు. మళ్ల గియ్యి" అన్నాడు. నాకు ఉత్సాహం వచ్చింది. అంతా చెరిపి మళ్లీ గీశాను. దసరా అన్నాడు, దీపావళి గిరాకీ అన్నాడు. ఆ తర్వాత, "డోర్నకల్ దిక్కు పోయే లైను గూడ రావాలె గద" అన్నాడు. మళ్లీ చెరిపాను, మళ్లీ గీశాను.

ఈలోగా సందు చివర వడ్రంగి రఫీక్ భాయ్‌తో పలకలు కోయించాను. తయారై ఆయన దగ్గరే గోడకు ఆనించి ఉన్నాయి. ఆయన దారిన పోతున్నప్పుడల్లా పిలిచేవాడు.

"సుధాకర్ భాయ్, ఎన్ని దినాలు ఉంచుతరు ఈడ? చెక్క గాలికి వంకర పోతది. తీస్కపోండ్రి."

"అన్న చెప్తడు భాయ్."

"ఇల్లు అన్నది, రైలు నీది. అన్న ఏం చెప్పాలె?" అని రంపం అందుకునేవాడు. ఆయన మాట నాకు రుచించలేదు. పెద్దన్న గురించి అట్లా అనకూడదనుకున్నాను.

సంక్రాంతి దాటిన తర్వాత ఒక సాయంత్రం దుకాణం నుంచి వచ్చి తైఖానా తలుపు తీశాను. గది నిండా అట్టపెట్టెలు. పక్క సందులో ప్లాస్టిక్ సామాన్ల టోకు వ్యాపారి సరుకు. కింది వరుస చెమ్మకు తడవకుండా సంచులు పరిచి, వాటి మీద పెట్టెలు పేర్చారు. గేటు, షెడ్డు, రెండు లైన్లు అన్నీ సంచుల కిందికి పోయాయి. స్తంభం దగ్గర మలుపు ఒక్కటి కొంచెం కనిపిస్తున్నది.

పైకి వెళ్లి పెద్దన్నను అడిగాను. కాళ్లు కడుక్కుంటున్నాడు.

"రెండు నెలలే సుధా. మన జాన్‌పహచాన్ మనిషి. గోదాం దొరకలేదని బతిమిలాడిండు. కాదంటె మంచిగుంటదా?"

"నాకు ఒక్క మాట చెప్పకపోతివి అన్నా."

"చెప్తె ఏమైతుండె? గీతలే గద, మళ్ల గీసుకుంటవ్."

నేను గదిలోకి వెళ్లి కూర్చున్నాను. అన్నం తినలేదు. మరునాడు మధ్యాహ్నం దుకాణంలో పని తక్కువగా ఉంటే తలనొప్పి అని చెప్పి ఇంటికి వచ్చాను. వదిన వంటింట్లో బియ్యం ఏరుతున్నది. నన్ను చూసి చాట పక్కన పెట్టింది.

"సుధాకరూ, కూసో. నేను చెప్పిన్నని మీ అన్నకు చెప్పకు. చెప్పినా సరే. మీ అన్న గా గది నీకు ఇయ్యడు. ఎన్నడు ఇయ్యాల్నని అనుకోలే."

"గదేంది వదినా, టేపు గూడ పట్టిండు గద."

"పట్టిండు. ఎందుకు తిప్పల వెడ్తున్నవని నేను అడిగిన. 'రైలు కట్టుడు అయిపోతే వాడు దాని ముందల్నే కూసుంటడు, దుకాణంల మనసు వెట్టడు. లేకుంటె అయిపోయిందని ఊరికి పోతడు. గీసుకుంట ఉంటె ఈడనే ఉంటడు. గీసుకోనియ్యి' అన్నడు. నాకైతే చూడబుద్ధి అయితలేదు. గా పెట్టెలు రాకముందు దినాం ఊడ్వబోతె, నీ గీతలు చెరగొద్దని చుట్టు తిరిగి ఊడ్చిన."

వదిన ఇంకొక మాట కూడా చెప్పింది. దాన్ని చివర రాస్తాను.

ఆ సాయంత్రమే దుకాణానికి వెళ్లి పెద్దన్నను అడిగాను. గిరాకీలు ఉన్నారు. ఉండనీ అనుకున్నాను. నేను గొంతు పెంచలేదు అక్కా, నీకు వేరే విధంగా చెప్పి ఉంటే అది అబద్ధం.

"అన్నా, తైఖానా ఇస్తవా ఇయ్యవా, ఒక్క మాట చెప్పు."

"అరేయ్, బొమ్మ రైలు కోసం దుకాణంల లొల్లి వెడ్తవా? నలభై ఆరేండ్లున్నయ్ నీకు."

"బొమ్మ రైలని ఇప్పుడంటున్నవ్. మానుకోటల అనలేదు."

ఆయన గిరాకీల వైపు చూసి నవ్వాడు. వాళ్లూ నవ్వారు. మధ్యాహ్నం నేను సగం చెక్కి వదిలిన బిందెను పూర్తి చేశాను. ఎవరో పిల్ల పెళ్లి బిందె, పేరు సగంలో ఆపడం బాగుండదు. మిషను తుడిచి గూట్లో పెట్టి, ఇంటికెళ్లి సంచి సర్దుకున్నాను. వదిన గుమ్మం దాకా వచ్చి రొట్టెలు మూట కట్టి ఇచ్చింది. ఉండమనలేదు. ఆమె ఉండమంటే నేను ఉండేవాణ్ణేమో, అందుకే అనలేదనుకుంటాను.

రఫీక్ భాయ్ దగ్గర నాలుగు రోజులు పడుకున్నాను. ఆయనే దబీర్‌పురా స్టేషన్ దగ్గర ఈ చోటు చూపించాడు. బర్రెలున్న లక్ష్మమ్మ ఇల్లు. ముందు భాగంలో నాకొక గది. దాని కింద నాలుగు మెట్లు దిగితే ఇదివరకు పల్లిపిండి, తవుడు పెట్టుకున్న చిన్న కొట్టు ఉంది. లక్ష్మమ్మకు మన అత్తమ్మ వయసు ఉంటుంది. కింద ఏం చేస్తానని అడిగితే, రైలు కడతానన్నాను.

"మా ఇంటి ముంగట్నే పోతున్నది గద బిడ్డా, మళ్ల ఇంకోటెందుకు?"

"అది నేను చెప్పినట్టు ఆగదమ్మా."

"గట్లనా. అయితె కట్టుకో. కరెంటు మాత్రం జాగ్రత్త" అని తాళం ఇచ్చేసింది. అంతే అక్కా. అంత సులువు ఆ మాట అనడం. ఆ రోజు మెట్ల మీద కూర్చుంటే, సంతోషం కలగవలసిన చోట నాకు మంట పుట్టింది. పరాయి మనిషి ఒక్క మాటకు ఇచ్చిన దాన్ని, తోడబుట్టినవాడు ఏడాది పొడుగునా ఇస్తానని ఊరించాడు.

ఇప్పుడు ఇన్వర్టర్లు, మిక్సీలు బాగు చేసే దుకాణంలో పని చేస్తున్నాను. యజమాని మంచివాడే. పొద్దున మూల మీది హోటల్లో ఖిచిడీ, పుల్లటి ఖట్టా తింటాను. రాత్రికి నేనే వండుకుంటాను, లక్ష్మమ్మ పాలు పోస్తుంది. ఎండలు బాగా ముదిరాయి. కింది కొట్టు మాత్రం చల్లగా ఉంటుంది. రైలు పోయినప్పుడు గూట్లో గ్లాసులు గలగలమంటాయి, అలవాటైపోయింది. స్టేషన్ మొత్తం కట్టడానికి ఇక్కడ చోటు లేదు. రైలు గుండ్రంగా తిరిగే లైను పట్టదు. ఒక గోడ పొడుగునా గూడ్స్ షెడ్డు, దాని ముందు మూడు పట్టాలు, అంతే. ఇంజను వస్తుంది, బోగీని వదులుతుంది, ఇంకో బోగీని తీసుకొని వెనక్కి పోతుంది. రఫీక్ భాయ్ పలకలు తోపుడుబండి మీద తెచ్చి, వంకర పోయిన వాటిని మళ్లీ చిత్రిక పట్టి బిగించాడు.

ఇక పెద్దన్న వచ్చిన సంగతి. నీకు ఆయన, "నేను పోయి పిలిస్తె గూడ రాలే" అని చెప్పాడు కదా. అది నిజమే. ఏం జరిగిందో కూడా విను.

పోయిన ఆదివారం వచ్చాడు. చేతిలో పెద్ద డబ్బా. మెట్లు దిగి చుట్టూ చూశాడు. షెడ్డును చూశాడు. "నీ కోసం తెచ్చిన" అని డబ్బా విప్పాడు. ఇంజను. అబద్ధమెందుకు, చాలా మంచి ఇంజను. ఆయనే దాన్ని తీసి నా పట్టాల మీద పెట్టబోయాడు. చక్రాలు పట్టాలకు రెండు వైపులా దిగి చెక్క మీద నిలబడ్డాయి. నా పట్టాల వెడల్పు చిటికెన వేలి గోరంత. చోటు చిన్నదని తైఖానాలో గీసినప్పుడే ఈ చిన్న సైజు అనుకున్నాను, ఆయనకు చెప్పాను కూడా. ఆయన తెచ్చింది దానికి దాదాపు రెట్టింపు.

"గిది వట్టదా? దుకాణపోడు మస్తు మంచిదన్నడు."

"నువ్వు టేపు పట్టినవ్ గద అన్నా."

"ఎవలకు యాదుంటది సుధా గవన్ని" అన్నాడు.

అన్ని సాయంత్రాలు పక్కన కూర్చొని తలాడించిన మనిషి ఒక్క ముక్క కూడా వినలేదు. అట్టపెట్టెలు చూసినప్పటి కన్నా అప్పుడు ఎక్కువ బాధ కలిగింది. గది ఇవ్వకపోయినా, ఆ మాటలైనా నిజంగా ఇద్దరం మాట్లాడుకున్నామని ఇన్నాళ్లూ అనుకున్నాను.

"తైఖానా ఖాలీ చేయించిన, రా. దుకాణంల కొత్తోన్ని పెట్టిన గని నమ్మేటట్టు లేడు. నేను చేసింది నిన్ను ఉంచుకోవాల్ననే చేసిన. నీకు చెడు కావాల్నని చేయలే."

"దుకాణంల మనిషి కావాలె, ఉండు తమ్మీ అంటె ఉండేవాన్ని అన్నా. రైలు లేకున్నా ఉండేవాన్ని. నువ్వు అడగలే."

ఆయన కళ్లు తుడుచుకున్నాడు. నేను చూశాను, చూసీ కదలలేదు. ఇంజనును మళ్లీ డబ్బాలో సర్ది చేతికిచ్చి, "వాపసు తీస్కుంటరు, అడుగు" అన్నాను. తీసుకొని మెట్లెక్కాడు. లక్ష్మమ్మ ఆయనకు చాయ్ పెట్టింది కానీ తాగకుండానే వెళ్లాడు.

స్వప్నకు పుట్టబోయే బిడ్డ తొట్టెల పండుగకు ఇద్దరం చెయ్యి చెయ్యి పట్టుకొని రావాలని ఫోనులో అన్నావు. నేను వస్తాను. కానీ వేరుగా వస్తాను, ఆయన పక్కన కూర్చొని భోజనం చేయను. నలుగురిలో నిన్ను ఇబ్బంది పెట్టే మాట అనను, భయపడకు. ఎవరైనా అడిగితే చిన్నోడు దబీర్‌పురాలో వేరే పని చేసుకుంటున్నాడని చెప్పు. బావతో ఒక చిన్న పని ఉంది. స్టేషన్ వైపు వెళ్లినప్పుడు పాత గూడ్స్ షెడ్డు కప్పు ఏ రంగులో మిగిలిందో ఒక ఫొటో తీసి పంపమను. నాకు ఎరుపో, బూడిదో సరిగ్గా గుర్తు రావడం లేదు. స్వప్నకు నా దీవెనలు. ఎదురింటి పెద్దవ్వకు దండాలు చెప్పు.

ఇక వదిన చెప్పిన ఇంకో మాట. దీన్ని ఇన్నాళ్లూ ఎవరితోనూ అనలేదు, పెద్దన్నను కూడా అడగలేదు. బియ్యం చాట వైపు చూస్తూ చెప్పింది. "మీ అక్కకు గూడ ఎరుకే సుధాకరూ. 'ఉత్తగ రమ్మంటె రాడు, రైలు పేరు చెప్తెనే కదుల్తడు' అని ఆమెనె అన్నదట మీ అన్నతోని."

వదిన అబద్ధం చెప్పే మనిషి కాదు. పెద్దన్న ఆమెకు అబద్ధం చెప్పి ఉండవచ్చు. ఆ ఒక్క సందు పట్టుకొని ఇన్ని నెలలు నీతో ఫోనులో మామూలుగా మాట్లాడాను. నువ్వు ఏడ్చినప్పుడల్లా ఎందుకు ఏడుస్తున్నావో తెలియక నేను ఫోను పెట్టేశాను.

నాకు ఇంకేమీ వివరించవద్దు. నా మంచికే అని రాయవద్దు. అన్నావా లేదా, అది ఒక్కటే రాయి. అన్నానని రాసినా తొట్టెలకు వస్తాను, లేదని రాసినా వస్తాను. కానీ నీ గుమ్మంలో నీ కాళ్లకు వంగేటప్పుడు నాకు తెలిసి ఉండాలి.

ఎప్పటికీ నీ దీవెన కోరుకునే,
నీ తమ్ముడు
సుధాకర్